అయస్కాంత క్షేత్రంలో మూసిన పాత్ర: ఉష్ణ సంవహనానికి సంఖ్యాత్మక అనుకరణ

గోడలన్నీ మూసి ఉన్న పాత్రలో ద్రవమో వాయువో నింపి, ఒక పక్క గోడను వేడిగా, ఎదుటి గోడను చల్లగా ఉంచితే లోపలి ప్రవాహి తనంతట తానే కదలడం మొదలుపెడుతుంది. వేడెక్కిన భాగం తేలికై పైకి లేస్తుంది. చల్లబడిన భాగం బరువెక్కి కిందికి దిగుతుంది. ఆ తిరుగుడుతోపాటే వేడి ఒక గోడ నుంచి మరో గోడకు చేరుతుంది. దీనికి సహజ ఉష్ణ సంవహనమని పేరు. ఆ ప్రవాహి విద్యుత్తును మోసేదై, పాత్ర అయస్కాంత ధ్రువాల నడుమ ఉంటే, తిరుగుడుకు కళ్లెం పడుతుంది. ఆ కళ్లెం ఎంత బిగువు, దానివల్ల చేరే వేడి ఎంత తగ్గుతుంది అన్నది కాగితం మీద పూర్తిగా తేలే లెక్క కాదు. అందుకే సమీకరణాలను చిన్న చిన్న గడులుగా విడగొట్టి కంప్యూటర్ మీద సాధిస్తారు. గణితం, ద్రవగతి శాస్త్రం, విద్యుదయస్కాంత శాస్త్రం మూడూ కలిసే ఈ విషయం మీద ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాల గణిత విభాగాల్లో ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది.

పులికాట్ నీటితో ఒక లెక్క

తిరుపతి జిల్లా తూర్పు అంచున, సూళ్లూరుపేట దాటితే పులికాట్ సరస్సు కనిపిస్తుంది. దీనికే ప్రళయకావేరి అని పాత పేరు. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి. కాళంగి, ఆరణి నదుల మంచినీరు ఒక వైపు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు ఇంకో వైపు ఇందులో కలుస్తాయి. అందుకే ఇది పూర్తిగా మంచినీరూ కాదు, పూర్తిగా సముద్రమూ కాదు. వానాకాలంలో ఉప్పదనం పడిపోతుంది, ఎండాకాలంలో పెరుగుతుంది. ఉప్పు ఉన్న నీరు విద్యుత్తును మోస్తుంది. భూమికి అయస్కాంత క్షేత్రం ఉంది. మరి ఎండకు వేడెక్కి కదిలే ఈ నీటి మీద భూమి అయస్కాంతం ఏమైనా పని చేస్తుందా? విద్యార్థికి ఈ శాస్త్రం నేర్పడానికి ఇంతకంటే మంచి మొదటి ప్రశ్న నాకు తోచదు.

జవాబు చెప్పేది హార్ట్‌మన్ సంఖ్య. అయస్కాంత క్షేత్ర బలాన్ని పాత్ర కొలతతో గుణించి, దాన్ని మళ్లీ విద్యుద్వాహకతకూ స్నిగ్ధతకూ ఉన్న నిష్పత్తి వర్గమూలంతో గుణిస్తే ఈ సంఖ్య వస్తుంది. అయస్కాంతం పెట్టే కళ్లేనికీ, ద్రవంలోని జిగట పెట్టే కళ్లేనికీ పోలిక ఇది. సముద్రమంత ఉప్పగా ఉన్నప్పుడు నీటి వాహకత మీటరుకు సుమారు 5 సీమెన్స్, స్నిగ్ధత సుమారు 0.001 పాస్కల్ సెకన్లు. ఈ ప్రాంతంలో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లా. ఒక మీటరు లోతు నీటికి లెక్క వేస్తే హార్ట్‌మన్ సంఖ్య 0.003 కూడా రాదు. అంటే భూమి అయస్కాంతం పులికాట్ నీటిని ఆపనూ లేదు, నడపనూ లేదు. సరస్సును కదిలించేవి ఎండ, గాలి, ఆటుపోట్లు, ఉప్పు తేడాలే.

ఇప్పుడు అదే నీటిని 5 సెంటీమీటర్ల ఘనాకారపు గాజు పెట్టెలో నింపి ఒక టెస్లా క్షేత్రంలో పెడదాం. హార్ట్‌మన్ సంఖ్య 3.5కు పెరుగుతుంది. ఆసుపత్రుల్లో వాడే 3 టెస్లాల ఎంఆర్‌ఐ యంత్రంలో పెట్టినా 10 దాటి కొంచెమే. పరిశోధన పత్రాల్లో మామూలుగా కనిపించే 50 అనే విలువ రావాలంటే 14 టెస్లాల అయస్కాంతం కావాలి. ఉప్పు లేని శుద్ధమైన నీరైతే ఒక టెస్లా దగ్గర ఈ సంఖ్య 0.004 దాటదు. అదే పెట్టెలో పాదరసం పోస్తే కథ మారిపోతుంది. ఒక టెస్లాకు హార్ట్‌మన్ సంఖ్య సుమారు 1,300. 50 కావాలంటే 0.04 టెస్లా చాలు, అది మామూలు శాశ్వత అయస్కాంతం ఇచ్చే బలమే.

నీరు అయస్కాంతాన్ని పట్టించుకోదు, ద్రవ లోహం పట్టించుకుంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే ఈ రంగంలో రాసిన చాలా పత్రాలను సరైన చూపుతో చదవవచ్చు.

కదిలే ఉప్పునీటిలో అయస్కాంతం పుట్టించే వోల్టేజీ మాత్రం కల్ల కాదు. 1832లో మైకేల్ ఫారడే లండన్‌లోని వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలోకి పలకలు దించి, ప్రవహించే నీరు భూమి క్షేత్రాన్ని కోసుకుంటూ పోతున్నప్పుడు పుట్టే విద్యుత్తును కొలవబోయాడు. ఆనాటి పరికరాలకు అది చిక్కలేదు. ఆలోచన మాత్రం సరైనదే.

రెండు పాయలు కలిసిన చోటు

ఈ శాస్త్రానికి రెండు పాయలు. మొదటిది వేడిది. 1900లో ఫ్రాన్స్‌లో ఆన్రీ బెనార్ పలుచని ద్రవ పొరను కింది నుంచి వేడిచేసి, పైన తేనెపట్టు గదుల్లాంటి ఆకారాలు ఏర్పడటం చూశాడు. 1916లో లార్డ్ రేలీ దానికి సిద్ధాంతం రాశాడు. కింది నుంచి వేడి చేయగానే ద్రవం కదలదు. పైకి తోసే ఉత్ప్లవన బలం ఒక హద్దు దాటాలి. ఆ హద్దును చెప్పే సంఖ్యకు ఆయన పేరే పెట్టారు. పైనా కిందా గట్టి పలకలున్న పొరకు రేలీ సంఖ్య 1,708 దాటితేనే సంవహనం మొదలవుతుంది.

రెండో పాయ అయస్కాంతానిది. డెన్మార్క్ శాస్త్రవేత్త యూల్ హార్ట్‌మన్ 1937లో అయస్కాంత ధ్రువాల నడుమ గొట్టంలో పాదరసాన్ని పారించి, సిద్ధాంతాన్నీ ప్రయోగాన్నీ కలిపి ప్రచురించాడు. స్వీడన్‌కు చెందిన హానెస్ ఆల్వెన్ 1942లో, విద్యుత్తును మోసే ప్రవాహిలో అయస్కాంత తరంగాలు పుడతాయని చెప్పాడు. ఆ రంగానికి అయస్కాంత ద్రవగతి శాస్త్రమని పేరు స్థిరపడింది. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రెండు పాయలనూ కలిపి లోతుగా పనిచేసినవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. కింది నుంచి వేడెక్కే పొరకు నిలువుగా అయస్కాంత క్షేత్రం ఉంటే సంవహనం మొదలయ్యే హద్దు ఎంత పైకి జరుగుతుందో ఆయన లెక్క కట్టాడు. హార్ట్‌మన్ సంఖ్య వర్గాన్ని ఇప్పుడు చంద్రశేఖర్ సంఖ్య అంటారు. క్షేత్రం బాగా బలమైనదైతే, రేలీ హద్దు ఆ సంఖ్యకు సుమారు పదింతలు అవుతుంది. ఖచ్చితంగా చెప్పాలంటే పై (π) వర్గమంత రెట్లు. 1950లలో షికాగోలో నకగావా పాదరసంతో ప్రయోగాలు చేసి ఈ లెక్క సరైనదేనని చూపాడు. చంద్రశేఖర్ 1961లో రాసిన స్థిరత్వ గ్రంథం ఈ రంగంలో ఇప్పటికీ తెరవక తప్పని పుస్తకం.

ఈ లెక్కకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఆకాశంలోనే ఉంది. సూర్యుడి మీది నల్లమచ్చలు చుట్టుపక్కల ఉపరితలం కంటే చల్లగా ఉంటాయి. ఉపరితలం 5,800 కెల్విన్ల దాకా ఉంటే మచ్చ నడిబొడ్డు 4,000 కెల్విన్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడి బలమైన అయస్కాంత క్షేత్రం లోపలి నుంచి వేడిని మోసుకొచ్చే సంవహనాన్ని అణిచేస్తుంది కాబట్టే మచ్చ నల్లబడిందని 1941లో లుడ్విగ్ బియర్‌మన్ సూచించాడు. ఆ సూర్యుణ్ని ఎడతెగకుండా చూడటానికి భారతదేశం పంపిన ఆదిత్య-ఎల్1, 2023 సెప్టెంబర్ 2న పులికాట్ అవతలి ఒడ్డున ఉన్న శ్రీహరికోట నుంచే లేచింది.

మూసిన పెట్టె సమస్యను విడిగా తీసి పెట్టింది జార్జ్ బాచెలర్. చలి దేశాల్లో రెండు అద్దాల కిటికీల నడుమ గాలి ఎంత వేడిని దాటిస్తుందన్న ప్రశ్నతో 1954లో ఆయన రాసిన పత్రం ఈ పరిశోధనకు మూలం. అక్కడి నుంచి చతురస్ర పెట్టె ఈ రంగానికి పలకా బలపం అయింది.

సమీకరణాలు, వాటి సంఖ్యలు

పెట్టెలోని ప్రవాహికి లెక్కలు నాలుగు. ద్రవ్యరాశి ఎక్కడా పుట్టదు, పోదు. ప్రతి చిన్న ముద్ద మీదా ఒత్తిడి, జిగట, ఉత్ప్లవనం, అయస్కాంత బలం కలిసి దాని వేగాన్ని మారుస్తాయి. వేడి ప్రవాహంతో కొట్టుకుపోతుంది, దాంతోపాటు వహనం వల్ల పక్కకూ పాకుతుంది. విద్యుత్ ప్రవాహం ఎక్కడ బయల్దేరినా మళ్లీ తన వలయం పూర్తి చేసుకోవాలి. సాంద్రత మార్పును ఉత్ప్లవన బలంలో మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగతా చోట్ల వదిలేయడం బూసినెస్క్ సరళీకరణ. ఉష్ణోగ్రత తేడా మరీ ఎక్కువ కానంతవరకు అది చాలు.

అయస్కాంతం వైపు కూడా ఒక సరళీకరణ ఉంది. ద్రవ లోహం కదిలితే అందులో విద్యుత్తు పుడుతుంది, ఆ విద్యుత్తుకు సొంత అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ప్రయోగశాల కొలతల్లో ఆ సొంత క్షేత్రం, బయటి అయస్కాంతం ముందు చాలా చిన్నది. దాన్ని వదిలేస్తే లెక్క ఎంతో తేలికవుతుంది. సూర్యుడి విషయంలోనో భూగర్భంలోని ద్రవ ఇనుము విషయంలోనో అలా వదలడానికి వీల్లేదు.

సమీకరణాలను కొలతలు లేని రూపంలోకి మారిస్తే కొన్ని సంఖ్యలు మిగులుతాయి. హార్ట్‌మన్, రేలీ సంఖ్యలను చూశాం. రేలీ సంఖ్యను ప్రాంట్ల్ సంఖ్యతో భాగిస్తే గ్రాషాఫ్ సంఖ్య. ప్రాంట్ల్ సంఖ్య ప్రవాహి స్వభావం, దాన్ని మనం మార్చలేం. గాలికి 0.71, మామూలు నీటికి 7 దరిదాపు, పాదరసానికి 0.025, సోడియంకు అంతకంటే తక్కువ. ద్రవ లోహంలో వేడి, కదలిక కంటే వేగంగా పాకుతుందని దీని అర్థం. చివరికి ఫలితాన్ని చెప్పేది నుసెల్ట్ సంఖ్య: సంవహనంతో దాటిన వేడి, ప్రవాహి కదలకుండా ఉంటే దాటే వేడికి ఎన్ని రెట్లో చెబుతుంది. అది 1కి వచ్చిందంటే ప్రవాహం ఉన్నా లేనట్టే, వేడి కేవలం వహనంతోనే దాటుతోంది.

వీటన్నిటికంటే ముందు నేను చూసేది వేరే ఒక నిష్పత్తిని. హార్ట్‌మన్ సంఖ్య వర్గాన్ని గ్రాషాఫ్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేది. కళ్లెం ఒక వైపు, దౌడు ఒక వైపు, రెండిటికీ తూకం అది. ఇది 1 కంటే చాలా తక్కువైతే అయస్కాంతం ఉన్నట్టే తెలియదు. చాలా ఎక్కువైతే ప్రవాహం దాదాపు నిలిచిపోతుంది. పులికాట్ నీటి పెట్టెకు, రెండు గోడల మధ్య 10 డిగ్రీల తేడాతో, గ్రాషాఫ్ సంఖ్య సుమారు 50 లక్షలు. ఒక టెస్లా దగ్గర ఈ తూకం 0.006 మాత్రమే. 14 టెస్లాలు పెట్టినా 1 దగ్గరే ఆగుతుంది.

విద్యుత్తు తిరిగి వచ్చే దారి

అయస్కాంతం ద్రవాన్ని నేరుగా పట్టుకోదు. కదిలే వాహకంలో విద్యుత్తు పుడుతుంది, ఆ విద్యుత్తు మీద అయస్కాంతం బలం చూపిస్తుంది, ఆ బలం కదలికకు ఎదురు. కాబట్టి విద్యుత్తు పారడానికి దారి దొరికితేనే కళ్లెం పడుతుంది. దారి మూసేస్తే అయస్కాంతం ఎంత పెద్దదైనా పని చేయదు. గోడలు విద్యుత్తును ఆపేవా, మోసేవా అన్నది అందుకే అసలు విషయం.

ఒక ఘనాకార పెట్టెను ఊహించండి. ఎడమ గోడ వేడి, కుడి గోడ చల్లన, మిగతావన్నీ వేడిని దాటనివ్వనివి, అన్ని గోడలూ విద్యుత్తును ఆపేవి. ద్రవం ఎడమన లేచి, పైన అడ్డంగా సాగి, కుడిన దిగి, కింద వెనక్కి వస్తుంది. మన ముందు నుంచి వెనక్కి ఒక ఇరుసు పెట్టి దాని చుట్టూ తిరిగినట్టు ఉంటుంది ఈ సుడి. ఇప్పుడు అయస్కాంత క్షేత్రాన్ని వేడి గోడ నుంచి చల్లని గోడ వైపు పెడదాం. ఎడమన లేచే ద్రవం విద్యుత్తును ముందు నుంచి వెనక్కి తోస్తే, కుడిన దిగే ద్రవం వెనక నుంచి ముందుకు తోస్తుంది. రెండూ ముందు, వెనక గోడల దగ్గర కలుసుకుని చక్కగా వలయం పూర్తి చేసుకుంటాయి. దారి దొరికింది, కళ్లెం బిగిసింది.

అదే క్షేత్రాన్ని ఇరుసు వెంట పెడితే విద్యుత్తు సుడి నడుమ నుంచి బయటి గోడల వైపుకో, గోడల నుంచి నడుమకో పారాలి. అక్కడ విద్యుత్తును ఆపే గోడలు. పోయే దారి లేక ఆవేశం పోగుపడుతుంది, ఎదురు వోల్టేజీ పుడుతుంది, పారకం దాదాపు ఆగిపోతుంది. విద్యుత్తు లేకపోతే బలమూ లేదు. జపాన్‌లో ఓజోయె, ఒకాడాలు 1989లో ఘనాకార పెట్టెకు మూడు దిశల్లోనూ లెక్క వేసి ఈ సంగతినే అంకెల్లో చూపారు: ఇరుసు వెంట ఉన్న క్షేత్రమే అన్నిటికంటే తక్కువగా ఆపుతుంది. తర్వాత ద్రవ గాలియంతో ప్రయోగం కూడా చేశారు. 1997లో తగావా, ఓజోయె ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ దిశలో తగినంత బలహీనమైన క్షేత్రం ఉంటే వేడి చేరడం కాస్త పెరుగుతుందని కూడా చూపించారు. అయస్కాంతం ఎప్పుడూ సంవహనాన్ని తగ్గిస్తుందన్న మాట అంత సరైనది కాదన్నమాట.

లోతు దిశను వదిలేసి ఒక చతురస్రంలో మాత్రమే చేసే లెక్కల్లో ఈ కథంతా కనిపించదు. అక్కడ విద్యుత్తు కాగితంలోకి గుచ్చుకుపోయి కాగితంలోంచి బయటికి వస్తుంది, ఎక్కడ కలుస్తుందని ఎవరూ అడగరు. ఆ లెక్క తప్పని కాదు. చాలా పొడవైన పెట్టెకు అది బాగా నప్పుతుంది. పొట్టి పెట్టెకు మాత్రం కళ్లెం బిగువును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతుంది.

గోడకు ఆనుకుని ఉండే పొరల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. క్షేత్రం గుచ్చుకునే గోడల దగ్గర ఏర్పడే పలుచని పొర హార్ట్‌మన్ పొర. దాని మందం, పాత్ర కొలతను హార్ట్‌మన్ సంఖ్యతో భాగిస్తే వచ్చేంత. క్షేత్రానికి సమాంతరంగా ఉన్న గోడల దగ్గరి పక్క పొరలు కాస్త మందం, అక్కడ భాగించేది హార్ట్‌మన్ సంఖ్య వర్గమూలంతో. 10 సెంటీమీటర్ల పెట్టెలో హార్ట్‌మన్ సంఖ్య 1,000 అయితే మొదటిది మిల్లీమీటరులో పదో వంతు, రెండోది 3 మిల్లీమీటర్లు.

లెక్క కట్టే తీరు

తొలినాళ్లలో పరిశోధకులు పరిమిత భేద పద్ధతి వాడారు. పెట్టెను గడులుగా గీసి, ప్రతి బిందువు దగ్గర ఉష్ణోగ్రతనూ వేగాన్నీ పక్క బిందువుల విలువలతో ముడిపెట్టే పద్ధతి అది. ఒత్తిడిని పక్కన పెట్టి సుడితనం, ప్రవాహ ప్రమేయం అనే రెండు రాశులతో రెండు దిశల సమస్యను తేల్చేవారు. 1972లో పతంకర్, స్పాల్డింగ్ ఒత్తిడినీ వేగాన్నీ విడతలవారీగా సరిచేసుకుంటూ పోయే పద్ధతిని ప్రచురించాక పరిమిత ఘనపరిమాణ పద్ధతి బలపడింది. పుణేలో పుట్టిన సుహాస్ పతంకర్ 1980లో రాసిన సన్నని పుస్తకం చదివి ఈ విద్యలోకి అడుగుపెట్టినవారు లెక్కలేనంతమంది.

పరిమిత మూలక పద్ధతిలో తెలుగువారి పేరు గట్టిగా వినిపిస్తుంది. 1945లో వరంగల్ ప్రాంతంలో పుట్టి, 1968లో ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన జూనుతుల ఎన్. రెడ్డి టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. ఉష్ణ ప్రసరణకూ ద్రవగతికీ పరిమిత మూలక పద్ధతిని ఎలా వాడాలో గార్ట్‌లింగ్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1994లో వచ్చింది. 2019లో ఆయనకు టిమోషెంకో పతకం లభించింది. గుడివాడలో పుట్టిన సత్య ఎన్. అట్లూరి 1998లో గడులే లేని పద్ధతికి దారి వేశారు. బిందువుల గుంపు ఉంటే చాలు, వాటిని వలలా కలపక్కర్లేదన్నది అందులోని ఆలోచన. వంకర గోడలున్న పాత్రల సంవహనానికి తర్వాతివారు దాన్ని వాడుకున్నారు.

ఏ పద్ధతిలో చేసినా జవాబు సరైనదో కాదో తెలిసేదెలా? 1983లో ఆస్ట్రేలియాలో జి. డి వాల్ డేవిస్ ఇందుకు ఒక కొలబద్ద ఇచ్చాడు. అయస్కాంతం లేని చతురస్ర పెట్టె, ప్రాంట్ల్ సంఖ్య 0.71. రేలీ సంఖ్య 1,000 అయితే సగటు నుసెల్ట్ 1.118, పది వేలకు 2.243, లక్షకు 4.519, పది లక్షలకు 8.800. కొత్తగా ప్రోగ్రామ్ రాసిన ప్రతివారూ ముందు ఈ నాలుగు అంకెలను తెచ్చి చూపాలి. నలభై ఏళ్లు దాటినా ఈ ఆనవాయితీ పోలేదు, పోకూడదు కూడా.

అయస్కాంతం ఉన్న పెట్టెకు అలాంటి కొలబద్ద మన పొరుగునే తయారైంది. బెంగళూరు విశ్వవిద్యాలయం ద్రవగతి కేంద్రానికి చెందిన ఎన్. రుద్రయ్య, బారన్, వెంకటాచలప్ప, సుబ్బరాయలతో కలిసి 1995లో ప్రచురించిన ఫలితాలు అవి. క్షేత్రం అడ్డంగా, ప్రాంట్ల్ సంఖ్య 0.733. గ్రాషాఫ్ సంఖ్య 20 వేలు ఉన్నప్పుడు, అయస్కాంతం లేకపోతే నుసెల్ట్ 2.52. హార్ట్‌మన్ సంఖ్య 10కి 2.22. 50కి 1.09. 100కి 1.01, అంటే సంవహనం ఆగిపోయినట్టే. గ్రాషాఫ్ సంఖ్యను 2 లక్షలకు పెంచితే అవే నాలుగు చోట్ల 4.92, 4.81, 2.84, 1.43. పైన చెప్పిన తూకంతో ఈ అంకెలను సరిచూడండి. మొదటి వరుసలో హార్ట్‌మన్ 10 దగ్గర తూకం 0.7, కళ్లెం ఇప్పుడే తగిలింది. 50 దగ్గర తూకం 18, నుసెల్ట్ దాదాపు 1కి పడింది. రెండో వరుసలో 50 దగ్గర తూకం ఇంకా 5.6 మాత్రమే, అందుకే 2.84 మిగిలింది. రెండు వరుసలూ ఒకే కథ చెబుతున్నాయి.

ఇక్కడ ఒక గట్టి జాగ్రత్త ఉంది. పెట్టె భుజాన్ని 40 సమాన గడులుగా గీశామనుకుందాం. ఒక్కో గడి వెడల్పు భుజంలో 2.5 శాతం. హార్ట్‌మన్ సంఖ్య 100 అయితే గోడ దగ్గరి పొర మందం ఒక శాతమే. పొర మొత్తం మొదటి గడిలోనే మునిగిపోయింది, లెక్కకు అది కనిపించనే లేదు. అయినా నుసెల్ట్ మాత్రం దాదాపు 1.01 అనే వస్తుంది! కారణం తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. ప్రవాహం ఆగిపోయాక వేడి వహనంతోనే దాటుతోంది, వహనాన్ని ముతక గడులు కూడా సరిగ్గా లెక్కగడతాయి. అంటే నుసెల్ట్ కలిసినంత మాత్రాన ప్రవాహం కలిసినట్టు కాదు. గోడ దగ్గరి వేగాన్ని కూడా పోల్చి చూడాలి, గోడల వైపు గడులను దగ్గర దగ్గరగా గీయాలి, గడుల సంఖ్య రెట్టింపు చేసి జవాబు ఎంత మారిందో చెప్పాలి. వేడి గోడలోంచి లోపలికి వచ్చిన వేడి, చల్లని గోడలోంచి బయటికి పోయిన వేడి సమానమో కాదో చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

మూడు దిశల లెక్కలో ఇంకో చిక్కు. గడుల మీద విద్యుత్తును లెక్కించేటప్పుడు ప్రతి గడిలోకి వచ్చినదీ పోయినదీ సరిపోకపోతే, ఆ చిన్న తప్పు మీద పెద్ద అయస్కాంత బలం పనిచేసి లేని ప్రవాహాన్ని పుట్టిస్తుంది. 2007లో చైనా శాస్త్రవేత్త ని మింగ్‌జియు బృందం విద్యుత్ ఆవేశం పొల్లుపోకుండా ఉండే పద్ధతి ఇచ్చాక హార్ట్‌మన్ సంఖ్య వేలల్లో ఉన్న సమస్యలను ధైర్యంగా చేపట్టగలిగారు.

సీమ గణిత విభాగాల నుంచి

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. దాని స్నాతకోత్తర కేంద్రంగా 1968లో అనంతపురంలో పుట్టినది 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో వచ్చి, 2002లో జాతీయ సాంకేతిక సంస్థ అయింది. ఈ చోట్ల గణిత విభాగాల్లో ద్రవగతి, అందులోనూ అయస్కాంత ద్రవగతి, పరిశోధనకు ముఖ్యమైన దారుల్లో ఒకటిగా నిలిచింది. పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, పెన్నూ కాగితం ఉంటే మొదలుపెట్టవచ్చు. జిల్లా కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ రాత్రిళ్లు సమీకరణాలతో కుస్తీ పట్టిన అధ్యాపకులకు ఈ శాస్త్రం తలుపు తెరిచింది. ఆ తలుపు విలువను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

ఆ పనిలో ఎక్కువ భాగం పలక మీది ప్రవాహం, సాగే పలక, గొట్టం లాంటి తెరిచిన సమస్యల మీద జరిగింది. వాటిలో చలరాశులను నేర్పుగా కలిపి పెద్ద సమీకరణాలను చిన్నవిగా మార్చవచ్చు. మూసిన పెట్టెకు ఆ నేర్పు చెల్లదు. నాలుగు మూలలూ ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. కంప్యూటర్ అందరి చేతికీ వచ్చాకే పెట్టె సమస్య సీమ కళాశాలల దాకా వచ్చింది. ఇప్పుడు 2015లో వచ్చిన తిరుపతి ఐఐటీ ఉంది, డబ్బు పెట్టి కొనక్కర్లేని ప్రవాహ గణన సాఫ్ట్‌వేర్ ఉంది. మామూలు ల్యాప్‌టాప్ మీద డి వాల్ డేవిస్ అంకెలు నిమిషాల్లో తేలతాయి.

కానీ సమీకరణంలో అయస్కాంత పదం చేర్చడం ఒక్క వరుస పని. ఆ వరుస వెనక నిజమైన ద్రవం, నిజమైన పెట్టె, దొరికే అయస్కాంతం ఉన్నాయా అన్నది వేరే పని. ప్రాంట్ల్ సంఖ్య 0.7 అంటే గాలి, గాలి విద్యుత్తును మోయదు. రెండు ప్రోగ్రామ్‌లను పోల్చి చూసుకోవడానికి ఆ విలువ సరే, ఒక పరికరం గురించి మాట్లాడటానికి సరిపోదు. నీటిలో సూక్ష్మ లోహ రేణువులు కలిపిన ద్రవానికి హార్ట్‌మన్ సంఖ్య 60 అని రాసే ముందు, పులికాట్ నీటికి పైన వేసిన లెక్క లాంటిది ఒకటి వేసి, ఎన్ని టెస్లాలు కావాలో పత్రంలోనే రాయడం మంచిది. పరిశోధక విద్యార్థి మొదటి నెలలోనే ఈ అలవాటు చేసుకుంటే, మూడేళ్ల శ్రమ ఏ ద్రవం గురించో వాళ్లకే స్పష్టంగా తెలుస్తుంది.

ఎక్కడ పనికొస్తోంది

అయస్కాంతాన్ని కావాలని పెట్టి సంవహనాన్ని ఆపే పని మొదట స్ఫటికాల పెంపకంలో వచ్చింది. కరిగిన అర్ధవాహకంలో సుడులు తిరిగితే ఉష్ణోగ్రత ఊగిసలాడుతుంది, గట్టిపడే స్ఫటికంలో మలినాలు చారలు చారలుగా పడతాయి. 1966లో యూటెక్, ఫ్లెమింగ్స్ ఇండియం యాంటిమొనైడ్ స్ఫటికాన్ని అయస్కాంత క్షేత్రంలో పెంచి ఆ చారలను తొలగించారు. కరిగిన సిలికాన్ కూడా లోహంలాగే విద్యుత్తును మోస్తుంది కాబట్టి సిలికాన్ దిమ్మెల తయారీలోకి ఆ ఉపాయం 1980 ప్రాంతంలో వెళ్లింది.

పులికాట్ దక్షిణ కొస నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కల్పాక్కం ఉంది. అక్కడి ఫాస్ట్ బ్రీడర్ పరీక్షా రియాక్టర్ 1985 అక్టోబర్ 18న తొలిసారి క్రియాశీలమైంది. దానికి చల్లదనం ఇచ్చేది ద్రవ సోడియం. సోడియం మంచి వాహకం, కాబట్టి కదిలే భాగాలు లేని విద్యుదయస్కాంత పంపులతో దాన్ని తోయవచ్చు. రియాక్టర్ ఆగిపోయాక కూడా మిగిలే వేడిని పంపులు లేకుండా సహజ సంవహనమే మోసుకుపోవాలన్నది ఇలాంటి రియాక్టర్ల భద్రతలో కీలకం. పెద్ద తొట్టెలో సోడియం ఎలా తిరుగుతుందన్న లెక్క అక్కడ నిత్యావసరం.

అన్నిటికంటే కఠినమైన పెట్టె సంలీన రియాక్టర్‌లో ఉంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్‌లో ప్లాస్మాను బిగించి ఉంచే క్షేత్రం 5 టెస్లాలు దాటుతుంది. ప్లాస్మా చుట్టూ ఉండే దుప్పటి (బ్లాంకెట్) కోసం భారతదేశం రూపొందించిన పరీక్షా నమూనాల్లో ఒకదానిలో సీసం, లిథియం కలిసిన ద్రవ లోహం ఉంటుంది. అలాంటి చోట హార్ట్‌మన్ సంఖ్య పది వేల స్థాయికి చేరుతుంది. 10 సెంటీమీటర్ల దారిలో గోడ పొర మందం మిల్లీమీటరులో నూరో వంతు. ఒక పక్క నుంచి న్యూట్రాన్లు వేడిచేస్తూ ఉంటాయి, ఆ ఉత్ప్లవనం అంత బలమైన కళ్లేన్ని కూడా ఎదిరించి సుడులు పుట్టిస్తుంది. ఇప్పటి పరిశోధనలో పెద్ద కంప్యూటర్ల సమయం ఎక్కువగా తినేది ఇదే.

శ్రీహరికోటలో ఈ సమస్య అయస్కాంతం లేని రూపంలో ఉంది. రాకెట్ క్రయోజెనిక్ దశలో మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవ ఆక్సిజన్, మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవ హైడ్రోజన్ నింపుతారు. బయటి తీర ప్రాంతపు వేడి గోడలోంచి కొద్దికొద్దిగా లోపలికి ఇంకుతుంది. గోడ దగ్గరి ద్రవం తేలికై పైకి పాకి, పైన వెచ్చని పొరగా పేరుకుంటుంది. ఆ పొర వల్ల ఆవిరి పెరిగి ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. బాచెలర్ అద్దాల కిటికీకి వేసిన లెక్కే ఇది, ప్రవాహి మాత్రం వేరు. ద్రవ ఆక్సిజన్‌కు మరో గుణం ఉంది. అది విద్యుత్తును మోయకపోయినా అయస్కాంతానికి ఆకర్షితమవుతుంది, చల్లగా ఉన్నకొద్దీ ఎక్కువగా. కాబట్టి దాన్ని కదిలించేది విద్యుత్తు మీద పనిచేసే లారెంజ్ బలం కాదు, క్షేత్రం ఎక్కువగా ఉన్న వైపు లాగే కెల్విన్ బలం. బరువు తెలియని అంతరిక్షంలో ఉత్ప్లవనం ఉండదు, అక్కడ సంవహనాన్ని నడపడానికి గురుత్వం స్థానంలో అయస్కాంతాన్ని వాడవచ్చు. 1960లలో నాసా ఇంజనీరు స్టీఫెన్ పాపెల్ రాకెట్ ఇంధనంలో అయస్కాంత రేణువులు కలిపి, బరువు లేని చోట దాన్ని పంపు ముఖం దగ్గరకు లాగాలన్న ఉద్దేశంతోనే అయస్కాంత ద్రవాన్ని తయారుచేశాడు.